సుబ్బరత్నం బీరువాలో మద్రాసు సీసా

బీరువాలోని సీసాను కాజేయాలని మస్తాన్‌రావు నిర్ణయించుకున్నది భార్య మాట పూర్తయ్యేలోపే.

"ఇదిగో, మద్రాసు నుంచి వచ్చిన సీసా. బీరువాలో పెడతన్నా. సోమవారం గుంటూరు పోయిందాకా దీని జోలికి రామాక," అంది సుబ్బరత్నం, అతనికి బాగా వినపడేట్టుగా.

మద్రాసు నుంచి తెప్పించింది చుక్క నీరు కలపని ఆల్కహాలు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల యజమానుల్లో మస్తాన్‌రావంత తాగినవాడు లేడు. దాని పుణ్యమా అని కాలేయంలో నిమ్మకాయంత గడ్డ లేచింది. కోతకు ఒళ్ళు తట్టుకోదన్నారు. గుంటూరులో కొత్తగా స్కానింగు మిషను పెట్టిన డాక్టరు మాత్రం వేరే దారి చెప్పాడు. తెర మీద చూసుకుంటూ గడ్డలోకే సూది దించి ఆల్కహాలు ఎక్కిస్తే, గడ్డ ఉన్నచోటే మాడి చస్తుందట. మిగతా కాలేయం జోలికి పోదట. సరుకు మాత్రం ఇక్కడ దొరకదు, మీరే తెప్పించుకోవాలన్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి నేను చేసుకుంటన్న వైద్యమే గదండీ ఇది," అన్నాడు మస్తాన్‌రావు.

డాక్టరు నవ్వలేదు. చుక్క ముట్టుకుంటే బతకరన్నాడు.

ఆనాటి నుంచి నోరు కట్టుకున్న మనిషి. ఇప్పుడు తన పేరు మీద వచ్చిన సరుకు తన ఇంట్లోనే ఉంది. చేరేది తన కడుపులోకే అయినప్పుడు సూది దారిన పోతే ఏమిటి, నోటి దారిన పోతే ఏమిటి? పైగా వచ్చింది సీసాడు, సూదికి కావలసింది రెండు చెంచాలు. ఇలాంటి విషయాల్లో అతని బుర్ర మహా చురుకు.

ఆదివారం మధ్యాహ్నం సుబ్బరత్నం అప్పడాలు వత్తడానికి వీధి చివరికి వెళ్ళింది. తాళంచెవి ఎప్పుడూ ఉండే పోపులడబ్బాలోనే ఉంది. సీసా మూత కూడా మొండికేయకుండా వచ్చేసింది. తన అదృష్టానికి తానే మురిసిపోయి ఒక గుక్క వేశాడు. వాసన లేదు, గొంతులో మంట లేదు. అసలైన సరుకంటే ఇదీ అనుకున్నాడు. ఊళ్ళో ఇన్నాళ్ళూ తనకు పోసిందంతా కల్తీయేనని తేల్చేశాడు. ఒక్క గుక్కతో ఆపుదామనుకున్నాడు గానీ, అలా అనుకుని ఆపిన చరిత్ర అతనికి లేదు.

సీసా ఖాళీ అయ్యేసరికి కాళ్ళు తేలిపోయాయి. నాలుక మొద్దుబారింది. తూలుకుంటూ కొట్టంలోకి వెళ్ళి, గేదె మెడ కావలించుకుని, పోయిన తల్లిని తలుచుకుని భోరున ఏడ్చాడు.

"ఏందన్నా, మళ్ళా మొదలుబెట్టావా?" అంది పక్కింటి హజ్రా బీ గోడ మీదుగా తొంగి చూసి.

"అమ్మతోడు, చుక్క ముట్టలా," అన్నాడు మస్తాన్‌రావు, పోయిన తల్లి మీద దొంగ ఒట్టు వేసినందుకు ఇంకాస్త ఏడుస్తూ.

మత్తు దిగాక భయం ఎక్కింది. సీసా నిండా బోరింగు నీళ్ళు పట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సోమవారం బస్సు సత్తెనపల్లి దాటినా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. నీళ్ళు ఎక్కిస్తే గడ్డ చావదు, తను చస్తాడు. నిజం చెబితే సుబ్బరత్నం చంపుతుంది. రెంటిలో ఏది తేలికో తేల్చుకోలేకపోయాడు. బతకాలని మాత్రం చాలా ఆశగా ఉంది.

బల్ల మీద పడుకోబెట్టి చొక్కా ఎత్తారు. సుబ్బరత్నం సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. డాక్టరు సూది చేతికి తీసుకోగానే మస్తాన్‌రావు రెండు చేతులూ జోడించాడు.

"ఆగండి డాక్టరుగారూ. అవి బోరింగు నీళ్ళు. అసలు సరుకు నేనే తాగేశా, మొత్తం. నాలాంటి ఎదవ ఉండడు."

డాక్టరు సీసాను వెలుతురుకెత్తి చూశాడు. "దీని సీలు కూడా ఊడలేదే. అయినా ఈ సరుకు సీసాడు తాగినవాడు బస్సెక్కి రాడు. ఇంతకీ మీరు తాగిందేమిటి?"

సుబ్బరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అసలు సీసా హజ్రా బీ బియ్యం డబ్బాలో దాచానండీ. బీరువాలో పెట్టింది కాచి చల్లార్చిన నీళ్ళు. ఈయన మా గేదెను పట్టుకుని ఏడ్చింది ఆ నీళ్ళకే."