రాతి పక్షి కన్ను

పక్షి కన్ను పెద్దక్క హ్యాండ్‌బ్యాగులో, కళ్ళజోడు పెట్టె కింద దొరికింది.

పాత శిథిలాల గేటు దగ్గరి కాపలాదారు దాన్ని రెండు వేళ్ళతో తీసి వెలుగుకు పట్టి చూశాడు. చింతగింజంత నీలం రాయి. పది నిమిషాల క్రితం వరకు అది లోపల, రెండువేల ఏళ్ళ నాటి గోడ మీద చెక్కిన రాతి పక్షి మొహంలో ఉంది.

"అక్కా!" అంది చెల్లెలు.

పెద్దక్క ముప్ఫై రెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. పిల్లల జేబులు తడిమి గోళీలు, బొంగరాలు లాక్కున్న మనిషి. ఈ పరాయి దేశానికి వచ్చి వారమైంది. టైలర్ పని చేసే చెల్లెల్ని ఒక్క గోడా ముట్టుకోనివ్వలేదు. "చేతులు వెనక్కి పెట్టుకో, నలుగురూ చూస్తున్నారు" అని ఎక్కడికి వెళ్ళినా పాఠం చెప్పింది.

"నేను తియ్యలేదే! దుమ్ము తుడుద్దామని వేలు పెట్టాను. అదే ఊడి చేతిలో పడింది."

"చేతిలో పడింది సరే. బ్యాగులోకి కూడా అదే నడిచొచ్చిందా?"

పెద్దక్క గబుక్కున బ్యాగు జిప్పు మూసేసింది. చెల్లెలు ఆమెకు ఎదురు మాట చెప్పి గెలవడం పుట్టాక అదే మొదటిసారి. కానీ సంతోషించడానికి అది సమయం కాదు. గేటు పక్కనే బోర్డు ఉంది. ఇక్కడి నుంచి పురాతన వస్తువులు తీసుకెళితే మూడేళ్ళ జైలు. సాయంత్రం ఆరింటికి వాళ్ళ విమానం.

కాపలాదారు ఇద్దరినీ తన చిన్న గదిలో కూర్చోబెట్టాడు. పాస్‌పోర్టులు, నీలం రాయి జేబులో వేసుకున్నాడు. "పై అధికారితో మాట్లాడి వస్తాను" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, బయట గడియ పెట్టి వెళ్ళాడు.

"జైల్లో నేల మీదే పడుకోమంటారేమో. నాకసలే మోకాళ్ళు" అంది పెద్దక్క.

"ముందు బావకి ఏం చెప్పాలో ఆలోచించు."

"ఆయనకేం, నవ్వుతారు. నేనొక్క తప్పయినా చేయకపోతానా అని నలభై ఏళ్ళుగా కాచుక్కూర్చున్నారు." అంతలోనే ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "నా దగ్గర చదువుకున్న పిల్లలకి తెలిస్తే ఎలాగే?"

చెల్లెలు అక్క చేతిలోంచి బ్యాగు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "నేనే తీశానని చెప్తాలే. బట్టలు కుట్టుకునేదాన్ని, నా పేరు పేపర్లో పడితే మాత్రం ఎవరు చూస్తారు?"

పెద్దక్క చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అరగంటకి గడియ తీసిన చప్పుడైంది. కాపలాదారు వేళ్ళకంటిన తెల్లటి సున్నం రుమాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. చెల్లెలు గబగబా పర్సు తెరవబోయింది.

"ఛ, నన్నేమనుకున్నారు మేడమ్? లోపల పెట్టండి. నాతో రండి" అన్నాడు.

గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే, రాతి పక్షి నీలం కన్నుతో వాళ్ళనే చూస్తోంది.

"ఇదేంటి!" పెద్దక్క చెయ్యి చాపబోయింది.

"ముట్టుకోకండి, తడి ఆరలేదు" అని కాపలాదారు నవ్వాడు. "అసలు కన్ను మ్యూజియం లాకర్లో భద్రంగా ఉంది మేడమ్. మీలాంటివాళ్ళు వారానికొకరు వస్తారు. అందుకే గాజుతో నకళ్ళు చేయించాం. ఒకటి పోతే ఇంకొకటి అతికిస్తాం. మీరు తీసిందీ గాజే."

ఇద్దరికీ ఒక్కసారిగా ఊపిరొచ్చింది. అతను జేబులోంచి రాయి తీసి పెద్దక్క అరచేతిలోనే పెట్టాడు. "గుర్తుగా ఉంచుకోండి. ఇంకెక్కడా మాత్రం వేలు పెట్టకండి." ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపకుండా 'ఇది నకలు' అని ఒక కాగితం రాసి, ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చాడు. పాస్‌పోర్టులు తిరిగిచ్చి, ఒక రిజిస్టరు ముందుకు జరిపాడు. "నకళ్ళు ఎవరి దగ్గరున్నాయో మేం రాసిపెట్టుకోవాలి. రూలు."

రూలన్న మాట వింటే పెద్దక్కకి ప్రాణం లేచొస్తుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంటి నంబరు, వీధి పేరు, ఇంటికి ఎలా రావాలో కూడా రాసింది.

ఎయిర్‌పోర్టులో అధికారి రాయి చూశాడు, కాగితం చూశాడు, పెద్దక్క మొహం చూశాడు. ఆ మొహంలో చెమటచుక్క లేదు. గాజుముక్కకి భయమెందుకు? పొమ్మని చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చాక కన్ను హాల్లోని షోకేసులో, ఉత్తమ ఉపాధ్యాయురాలి షీల్డు పక్కన కొలువుదీరింది. కిందే ఆ ముద్ర వేసిన కాగితం. వచ్చినవాళ్ళందరికీ పెద్దక్క కథ చెప్పేది. కథలో గోడ మీద చెయ్యి వేసింది చెల్లెలు, ఆమెని జైలు నుంచి తప్పించింది పెద్దక్క. చెల్లెలు పక్కనే కూర్చుని పక్కింటావిడ జాకెట్‌కి హుక్కులు కుట్టుకుంటూ వినేది.

నెల తర్వాత అందరూ ఒక పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటి తాళం పగిలి ఉంది. పెద్దక్క గుండె బాదుకుంటూ బీరువా దగ్గరికి పరిగెత్తింది. గొలుసు ఉంది. గాజులు ఉన్నాయి. బావ చీటీ డబ్బు కట్ట కట్టినట్టే ఉంది.

పోలీసు పెన్ను పట్టుకుని విసుక్కున్నాడు. "ఏమీ పోలేదంటారేంటమ్మా? ఇల్లు చూసిపోదామని వచ్చాడా దొంగ?"

చెల్లెలు నెమ్మదిగా షోకేసు వైపు తిరిగింది. షీల్డు ఉంది, 'ఇది నకలు' అన్న కాగితం నలగకుండా అక్కడే ఉంది, దాని మీదుండాల్సిన నీలం కన్ను ఒక్కటే లేదు.