మీగడ యంత్రం గంట

వారపత్రికలో మీగడ తీసే యంత్రం ప్రకటన వచ్చింది. పిడి తిప్పుతున్న చిన్నపిల్ల బొమ్మ, కింద "మీ పాపాయి కూడా తిప్పగలదు" అని పెద్దక్షరాలు. అమెరికాలో ఈ డకోటా చలికి గోడలనిండా పత్రికలు అంటించుకుంటాం కదా, మా చిన్నారి కూతురు తోరా ఆ కాగితాన్ని తన మంచం పక్కనే అంటించుకుంది.

"కొను నాన్నా. నేనే తిప్పుతా. నువ్వు ముట్టుకోకూడదు."

"గోధుమలు అమ్మనీ, అలాగేలే దొరసానీ."

గోధుమలు అమ్మి యంత్రం తెచ్చేసరికి తోరా లేదు. గొంతు జబ్బు తీసుకుపోయింది.

ఆ పిడికి ఒక గంట ఉంటుంది. మెల్లగా తిప్పితే మోగుతుంది. సరైన వేగం అందుకున్నాకే ఆగుతుంది.

నిన్న చీకటి పడ్డాక నేనూ నా భార్య సిగ్రిద్ కొట్టంలో పాలు పితుకుతున్నాం. ఇంట్లో ఎవరూ లేరు. వంటింట్లోంచి గంట మోగింది, బలం చాలని చేతులెవరివో తిప్పుతున్నట్టు, ఆగి ఆగి.

"గాలేమో," అన్నాను.

గంట జోరందుకుంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ మోగలేదు.

"వేగం అందుకుంది," అంది సిగ్రిద్.

ఆమె ఏడుస్తూనే పాల బకెట్ నా చేతిలో పెట్టింది.

"త్వరగా తీసుకెళ్ళు. పాలు లేకుండానే తిప్పుతోంది, పిచ్చితల్లి. చేతులు నొప్పెడతాయి."