పద్నాలుగో ఆప్షన్

"ఈ కాలేజీనే ఎందుకు ఎంచుకున్నారు?"

ఒక్క నిమిషంలో చెప్పాలి. తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో ఆ రోజు ఫైనలియర్ వాళ్ళకి వీడ్కోలు సభ. ఒక్కొక్కరే మైకు దగ్గరికి వెళ్తున్నారు. ఒకడు లైబ్రరీ కోసం చేరానన్నాడు. వాడు అటువైపు వెళ్ళగా చూసినవాళ్ళు లేరు. ఇంకొకడు గేటు ముందే బస్సు ఆగుతుందన్నాడు. ఎలిజబెత్ అయితే, "మా అక్క ఇక్కడే చదివిందండీ. పుస్తకాలన్నీ ఇంట్లోనే ఉన్నాయి కదాని" అంది. హాలంతా ఒకటే నవ్వు.

మనస్వి నవ్వలేదు. తను చెప్పబోయే మాట నాలుగేళ్ళ నుంచీ సిద్ధంగా ఉంది. 'నేను ఎంచుకోలేదండీ. నన్ను అడక్కుండా మా నాన్నగారు ఎంచుకున్నారు.' ఇవాళ అందరి ముందూ అనెయ్యాలి.

వినాల్సిన మనిషి మొదటి వరసలోనే కూర్చున్నారు. శ్రీరామమూర్తిగారిది పెదపాడు, పౌరోహిత్యం చేస్తారు. పంచె, కండువా, పిలక. ఆ పిలక మీద కాలేజీ పేరున్న నీలం టోపీ. ఎవరేం మాట్లాడినా చప్పట్లే.

ఆ టోపీని చూస్తే మనస్వికి ఒళ్ళు మండుతుంది. ఆయన స్కూటరు మీదా కాలేజీ స్టిక్కరే. కాలేజీ క్రికెట్ మ్యాచ్ ఉందంటే పెళ్ళిపందిరి నుంచి సరాసరి గ్రౌండుకే. ఎవరింట్లో సత్యనారాయణ వ్రతం చేయించినా ఐదు కథలూ అయ్యాక ఆరో కథ గూడెం కాలేజీదే. "మీవాణ్ణి అక్కడ చేర్పించండి, తిరుగుండదండీ" అంటారు ప్రసాదం చేతిలో పెడుతూ. ఊరంతా వెనకాల నవ్వుకుంటుంది. కూతురికి తల కొట్టేసినట్టుంటుంది.

అసలు ఏ మొహం పెట్టుకుని పొగుడుతారు? చేసింది మర్చిపోయారా?

నాలుగేళ్ళ కిందట ఎంట్రన్స్‌లో ర్యాంకు అనుకున్నంత రాలేదు. మనస్వి రెండు రోజులు అన్నం ముట్టలేదు, గది తలుపు తియ్యలేదు. తల్లి భానుమతి, శ్రీరామమూర్తిగారు వంతులేసుకుని ఆ తలుపు దగ్గరే కూర్చున్నారు. మూడో రోజు తనే బయటికి వచ్చింది.

"పోయినేడాది ఇంతకంటే వెనక ర్యాంకుకి కూడా విశాఖ యూనివర్సిటీలో సీటిచ్చారుట, నాన్నగారూ. అదీ రాకపోతే మాత్రం నేను..." అని ఆపేసింది.

ఏలూరు నెట్ సెంటరులో కూర్చుని కౌన్సెలింగ్ ఆప్షన్లన్నీ తనే పెట్టింది. ఒకటోది విశాఖ. తర్వాత ఇంకో పన్నెండు కాలేజీలు. అట్టడుగున, ఉంటే ఉందిలే అని, పద్నాలుగోదిగా గూడెం. ఇక మార్చడానికి వీల్లేకుండా లాక్ చెయ్యడం మాత్రం మర్నాడు వర్జ్యం లేకుండా చూసి, పొద్దున్న ఏడూ నలభై రెండుకి తానే చేస్తానన్నారు నాన్నగారు. ముహూర్తం లేనిదే గొడుగు కూడా కొనని మనిషి. మనస్వి సరేనంది.

వారం తర్వాత ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చింది. చూసుకుని, కాసేపు పెరట్లో నిలబడి, లోపలికి వచ్చారు.

"గూడెం వచ్చిందమ్మా. లాక్ చేసేముందు నేనే దాన్ని పైకి తెచ్చి, విశాఖని అడుక్కి తోసేశాను. ఈశాన్యం దిక్కు ప్రయాణం నీ జాతకానికి పడదు."

మనస్వి ఇంట్లో ఉన్న పంచాంగం తీసుకెళ్ళి నూతిలో పారేసింది.

"మీ నమ్మకాలకి నా బతుకు బుగ్గి చేశారు కదా!"

"కోప్పడు తల్లీ, ఎంత కావాలంటే అంత కోప్పడు. అన్నం మాత్రం తిను" అన్నారాయన.

ఆ కోపంతోనే తింది. ఆ కోపంతోనే నాలుగేళ్ళు ఏలూరులో పొద్దుటి రైలు ఎక్కింది. అది విశాఖ వెళ్ళే రైలు. రోజూ గూడెంలో దిగడం, అది తనని వదిలేసి అదే దారిన ముందుకు పోతుంటే చూసి పళ్ళు నూరడం. ఆ కోపంతోనే చదివి క్లాసు ఫస్టు వచ్చింది, ఉద్యోగమూ తెచ్చుకుంది. తండ్రితో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట లేదు.

ఇవాళ పొద్దున్న కూడా చిరాకే. ఉద్యోగంలో చేరడానికి సర్టిఫికెట్లు కావాలి, కాలేజీ ఆఫీసువాళ్ళు అడ్మిషన్ నాటి కాగితాలు తెమ్మన్నారు.

"ఆ ఫైలు మీ నాన్నగారిని అడిగి ఇస్తానే" అని నసిగింది భానుమతి.

"దానికి కూడా ముహూర్తం పెట్టాలా?" అని బీరువాలోంచి లాక్కుని వచ్చి, ఆఫీసులో ఇచ్చేసింది మనస్వి.

"నెక్స్ట్ నువ్వేనే" అని హాల్లో పక్క కుర్చీలోంచి మోచేత్తో పొడిచింది ఎలిజబెత్.

అంతలో ఆఫీసు క్లర్కు యేసుదాసు వంగుకుంటూ వచ్చి, మడతపెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"మీ ఆప్షన్లు లాక్ చేసిన ప్రింటు అండీ. ఫైల్లో అడుగున ఉంది. మాకు అవసరం లేదు, ఉంచుకోండి."

కాగితానికి నాలుగు మూలలా పసుపు. మంచి పని దేనికైనా నాన్నగారు పెట్టే పసుపే. మనస్వి పళ్ళు బిగించింది. మంచిదే, దీన్నే అందరికీ చూపించవచ్చు.

మైకులో పేరు పిలిచారు. మొదటి వరసలో శ్రీరామమూర్తిగారు టోపీ సర్దుకుని, అందరికంటే ముందు చప్పట్లు మొదలెట్టారు.

"ఈ కాలేజీని నేను ఎంచుకోలేదండీ" అంటూ మనస్వి ఆయన వైపే చూస్తూ మడత విప్పింది.

పైన లాక్ చేసిన టైము, ఏడూ నలభై రెండు. దాని కింద ఒకటోది విశాఖ, పద్నాలుగోది గూడెం, తను పెట్టిన వరసలో నాన్నగారు ఒక్కటీ మార్చలేదు.