సన్న పుల్లల చలువద్దాలు

"ఎల్సీ, నా చలువద్దాలేవి బిడ్డా?"

వాకిట్లో బండి స్టార్ట్ చేసి ఉంచి అడిగాడు అబ్రహాము. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న ఎల్సీ చెయ్యి ఆగిపోయింది.

"నేను చూడలే నాయినా."

అవి పుల్ల విరిగి బియ్యం డబ్బాలో ఉన్నాయి. తెల్లవారి ఎవరూ లేవకముందు ఎల్సీ ఆ అద్దాలు పెట్టుకుంది. మీద నాయిన హెల్మెట్ కూడా పెట్టుకుని అద్దంలో చూసుకుంది. బండి నడిపే పిల్లలాగే ఉంది. సిగ్గుపడుతూనే నవ్వుకుంది. ముందు అద్దాలు తీసి, తర్వాత హెల్మెట్ తియ్యాలి. ఆమె హెల్మెట్ ముందు లాగింది. టక్కుమంది.

అవి మామూలు అద్దాలు కావు. పుల్లలు సన్నగా ఉంటాయి, హెల్మెట్ కింద కణతలను ఒత్తవు. నాయిన పాత అద్దాల పుల్లలైతే వేలంత మందం. వాటి మీద హెల్మెట్ పెడితే తల పగిలిపోతుందని ఆయన దాన్ని మోచేతికి తగిలించుకుని పోయేవాడు. బొల్లారం కంపెనీ గేటు కనపడ్డాకే నెత్తికి ఎక్కేది. హెల్మెట్ లేకపోతే గేటు లోపలికి రానివ్వరు. అక్కడికి పోయే సగంమంది సంగతి అంతే. పోనీ అద్దాలు మానేద్దామంటే, పొద్దున పటాన్‌చెరు వైపు పోతుంటే సూర్యుడు ఎదురుగా, సాయంత్రం సంగారెడ్డి వైపు వస్తుంటే మళ్ళీ ఎదురుగా. అందుకే పోయిన క్రిస్మస్‌కు, జాకెట్లకు కాజాలు కుట్టిన పైసలతో ఎల్సీ ఈ సన్న పుల్లలవి కొనిచ్చింది. అప్పటి నుంచి నాయిన హెల్మెట్ వాకిట్లోనే పెట్టుకుని పోతున్నాడు.

"పోనీ తియ్, పాతయి పెట్టుకుంట" అన్నాడు అబ్రహాము. పెద్దగా వెతకలేదు కూడా. సజ్జ మీది పాత అద్దాలు దించి, దుమ్ము తుడిచి పెట్టుకున్నాడు. హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాడు.

ఎల్సీ తల్లి సుకుమారి అది చూసింది. "మళ్ళ చేతికేనా? నెత్తి ఏడున్నదయ్యా నీకు, మోచేతులనా?"

"గేటుకాడ పెట్టుకుంట గదనే."

"లారీ నీ కోసం గేటుకాడికొచ్చి గుద్దుతదా?"

తిడుతూనే ఆమె భర్త భుజం మీద చెయ్యి వేసి రోజూ చేసే ప్రార్థన చేసింది. "ప్రభువా, పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తోడుండు తండ్రీ. ఆమెన్."

ఎల్సీ కూడా కళ్ళు మూసుకుంది. ఆమెన్ మాత్రం అనలేకపోయింది.

బండి సందు తిరిగింది. ఇప్పుడైనా అమ్మకు చెబుదామనుకుంది. అమ్మ ముఖం చూసి మళ్ళీ గ్లాసులు కడగడానికి పోయింది. ఏ లారీ హారన్ వినపడ్డా వాకిట్లోకి ఉరికి చూస్తోంది. నాయినకు ఏమన్నా అయితే? అబద్ధం చెప్పిన నోటితో రేపు చర్చిలో ఏ పాట పాడుతుంది?

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అద్దాలు, విరిగిన పుల్ల తీసింది. "ఇప్పుడే వస్తనమ్మా" అని సైకిలెక్కింది.

నాయిన చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర ఆగుతాడని తెలుసు. రోజూ ఆయన బండి వెనక కూర్చుని అదే కంపెనీకి పోయే చిన్నరాములు అక్కడే ఎక్కుతాడు. ఎల్సీ చేరేసరికి ఇద్దరూ చాయ్ తాగుతున్నారు.

"ఇయ్యాల పాత అద్దాలు పెట్టినవేందన్నా, మస్తుగున్నవ్" అంటున్నాడు చిన్నరాములు, మంచి హుషారుగా.

ఎల్సీ సైకిల్ పడేసి నాయిన ముందు నిలబడింది. గుప్పిట తెరిచింది.

"నేనే ఇరగ్గొట్టిన నాయినా. నీ హెల్మెట్ పెట్టుకొని అద్దంల చూస్కున్న. చూడలేదని అబద్ధం చెప్పిన."

అబ్రహాము విరిగిన అద్దాలు చేతిలోకి తీసుకున్నాడు. వాటికి అంటుకున్న బియ్యపు గింజను గోటితో తీశాడు.

"అద్దమే గద బిడ్డా. నీ కాలో చెయ్యో ఇరిగిందా ఏంది? దీనికి ఇంత దూరం ఉరికొస్తరా?"

"నీకేమన్నైతే నా వల్లనే ఐతది." ఆమెకు ఏడుపు ఆగలేదు. "హెల్మెట్ పెట్టుకో నాయినా. నొప్పైనా పెట్టుకో."

చాయ్ హోటల్లో అందరూ ఇటే చూస్తున్నారు. ఇంకోరోజైతే ఎల్సీ సిగ్గుతో పారిపోయేది. ఇవాళ కదల్లేదు. అబ్రహాము మోచేతికున్న హెల్మెట్ తీసి, పాత అద్దాల మీదనే నెత్తికి ఎక్కించాడు. మందం పుల్లలు కణతలను నొక్కాయేమో, కళ్ళు చికిలించాడు.

"పెట్టుకున్న. సాలా?"

"మళ్ళ తియ్యవు గద? ఒట్టు?"

"ఒట్టు పెడితే పాస్టరుగారు నా ఈపు చీరుతడు. తియ్యనంటున్న గద, పో ఇగ."

ఎల్సీ కళ్ళు తుడుచుకుంది.

"కొత్తయి మళ్ళ కొనిస్త నాయినా. గసొంటియే, సన్న పుల్లలయి. జల్దీ కుడత కాజాలు."

అబ్రహాము తల వంచుకుని బండి తాళం తిప్పుతూ నిలబడ్డాడు.

చిన్నరాములు చాయ్ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నీకు దండం పెడత తల్లీ, గసొంటియి మళ్ళ కొనకు! ఆ పాత అద్దాలకు దూరం చూపు పవరున్నది, నీయి ఉట్టి నల్లద్దాలు. బిడ్డ కొనిచ్చిందని మీ నాయిన నీ అద్దాలు ఇడ్వకపాయె. క్రిస్మస్ కాంచి లారీ ఏడున్నదో, గుంత ఏడున్నదో ఎనక కూసొని చెప్తున్నది నేనే!"