రుక్మాబాయి జహాజ్

"ఈ ఆదివారం సుత నీ జహాజ్ దొరక్కపోతే నా సంగతేంది రుక్మా?" అన్నాడు కొండల్.

"నన్నడుగుతవేంది బావా? నీ దుర్బీన్‌ను అడుగు," అంది రుక్మాబాయి.

కంచన్‌బాగ్‌లో ఆమె అన్న ఓదెలు ఇల్లు అది. అది ఎనభై నాలుగో సంవత్సరం. ఫ్యాక్టరీలో దోస్తు దగ్గర ఓదెలు ఓ కొత్త విదేశీ ఆట నేర్చుకొచ్చాడు. ఆడేవాళ్లు తలో అంతరిక్ష నౌకకు కెప్టెన్లు. ఏం చేస్తారో నోటితో చెప్పాలి. ఏం జరిగిందో ఆట నడిపే ఓదెలు చెబుతాడు. అనుమానం వస్తే పాచికలు తేలుస్తాయి.

కొండల్ వాళ్లకు మేనమామ కొడుకు. అతను పెళ్లి మాటెత్తితే రుక్మాబాయి పకపకా నవ్వింది. "నా జహాజ్‌ను పట్టుకో. చేసుకుంట."

అదే అతని కొంప ముంచింది. ఇంజన్ నడిచే నౌక ధగధగలాడుతుంది. దుర్భిణి అటు తిప్పితే చాలు, కనబడిపోతుంది, పాచికలతో పనే లేదు. ఇంజన్ ఆపిన నౌక మాత్రం చీకట్లో చీకటి.

రుక్మ మహా తెలివైంది. ఇంజన్ ఆపి ఏదో మూల నక్కి ఉంటుందని కొండల్ లెక్క. బార్కస్ అని పేరు పెట్టిన గ్రహం వెనక వెతికాడు. నయాపూల్ అనే తోకచుక్క నీడలో వెతికాడు.

"లేదు," అనేవాడు ఓదెలు. అడిగిన చోటు గురించి తప్ప ఇంకేం చెప్పకూడదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నీళ్ల కోసం లేచిపోయేవాడు.

"గింత పెద్ద ఆకాశం ఉండంగ గా సందులే పట్టుకున్నవేంది బావా?" అని రుక్మాబాయి విసుక్కునేది.

"నన్ను దారి తప్పిస్తున్నవ్. నాకెరుక!"

వంటింట్లోంచి తల్లి ఆగమ్మ కేకేసింది. "రేపు సిద్దిపేటోళ్లు పిల్లను చూడనీకి వస్తున్నరు. ఇగ ఆ లొల్లి బంద్ చేయుండ్రి!"

కొండల్ మొహం పాలిపోయింది. వెతకడానికి మూలలు కూడా మిగల్లేదు.

"పోనీ ఓదెలూ... నడిమిట్ల ఖాళీ జాగ చూస్త. గాడేముంటది తియ్."

ఓదెలు ఎగిరి గంతేశాడు. "దొరికింది బావా, దొరికింది!"

కొండల్ వంటింట్లోకి ఉరికాడు. పిండి చేతుల మేనత్తను పట్టుకుని గిరగిరా తిప్పాడు. "అత్తా, సిద్దిపేటోళ్లను రావద్దను! రుక్మను నాకియ్యి!"

"అరే, ఇడువురా! కళ్లు తిరుగుతున్నయ్!" ఆగమ్మ గోడ పట్టుకుని నిలబడి కూతురి వైపు చూసింది. గుమ్మంలో రుక్మాబాయి తల వంచుకుని నవ్వుతోంది. "మీ ఇష్టం పోండ్రి," అంది ఆగమ్మ, తనూ నవ్వుతూ.

అంతలోనే కొండల్‌కు అనుమానం వచ్చింది. మెల్లగా రుక్మాబాయి పక్కకు చేరాడు.

"నిజం చెప్పు రుక్మా. నా మొహం చూసి జాలిపడి ఇయ్యాల ఇంజన్ చాలూ చేసినవ్ గదా?"

రుక్మాబాయి నుదురు కొట్టుకుంది.

"ఇయ్యాల గాదు బావా, మొదటి ఆదివారం నుంచి నేను ఇంజన్ ఆపనే లేదు!"