దుప్పట్ల గదిలో కొక్కేలు

పాప ఏడుపు ఎవరి చెవినైనా పడుతుందేమోనన్నదే ఆమె భయమంతా. హోటల్లో గదులు ఊడ్చే ఆమె, దుప్పట్లు సర్దే గదిలో పైకప్పు కొక్కేనికి చీరతో ఉయ్యాల కట్టి పాపను దాచుకుంటోంది.

ఈ రోజు మేనేజరు చూడనే చూశాడు.

"ఇది హోటలనుకున్నావా, పుట్టిల్లనుకున్నావా?"

"పుట్టిల్లే బాబూ," అంది ముసలి వంటామె నవ్వుతూ. "దీన్ని కట్టించింది నలుగురు ఆడవాళ్లు. పనిచేసేవాళ్ల పిల్లల ఉయ్యాలల కోసమే ఆ కొక్కేలు పెట్టించారు."

"అలాగా! ఇన్నాళ్లూ దేనికో అనుకున్నా." రంపం తెప్పించి అన్నీ కోయించాడు.

"నా నోరు పడిపోను! రేపట్నుంచి పాపని ఎక్కడుంచుతావే?" అంది వంటామె.

"ఇంట్లోనే పెద్దమ్మా. తాళం వేసి."

మార్కెట్ వెనక సందులో, నీలం తలుపున్న ఇల్లు ఆమెది. పగలు అటుగా వెళ్తే కాస్త చెవి ఆనించి చూడండి. ఏడుపు వినిపిస్తే చాలు, పాప క్షేమంగా ఉన్నట్టే.