మామూలు గాలి

ఫ్యాక్టరీ గోడ పక్క వీధిలో పైడమ్మ చారుకు ఎండుమిర్చి పోపు పెట్టగానే, కిటికీకి బిగించిన, గాలిని కొలిచే పెట్టె గొంతు విప్పింది.

"గాలి చెడింది. వెంటనే పొయ్యి ఆర్పండి."

ఊళ్లో ఏది నడవాలో, ఏది ఆగాలో ఇప్పుడు ఆ పెట్టెలే తేలుస్తున్నాయి.

"మరి ఆ పొగగొట్టం మాటేటి? నా మనవరాలు రేత్రల్లా దగ్గుతానే ఉంది" అంది పైడమ్మ.

"ఆ పొగ ఏళ్ల తరబడి మా లెక్కల్లో ఉంది. ఇక్కడ అది మామూలే. మీ పోపే కొత్త."

పైడమ్మకు ఒళ్లు మండింది. పొయ్యి ఆర్పకపోగా గుమ్మంలోకి వచ్చి, "ఒసే సన్నెమ్మా, అందరూ మూకుళ్లెట్టండే! మిరపకాయలు మాడ్చండి!" అని వీధంతా వినబడేలా కేకేసింది. కాసేపటికి వీధి వీధంతా తుమ్ములే. పెట్టెలు బెదిరిపోయి చుట్టుపక్కల మంటన్నదల్లా ఆపించేశాయి, ఫ్యాక్టరీతో సహా.

ఆ రాత్రి మనవరాలు దగ్గకుండా నిద్రపోయింది. తెల్లారి వాకిట్లోకి వచ్చి, "మామ్మా, అదేటి?" అని దూరంగా ఉన్న కొండను చూపించింది. బుద్ధెరిగాక దానికి కొండ కనబడటం అదే మొదలు.

పైడమ్మ జవాబు చెప్పేలోపే పెట్టె అందుకుంది.

"హెచ్చరిక. ఈ వీధిలో గాలి మామూలుగా లేదు, పొగ జాడే లేదు. ఎవరూ బయటికి రాకండి. పరిస్థితి చక్కబెట్టడానికి ఫ్యాక్టరీని వెంటనే తెరిపిస్తున్నాం."